దూలాలు కనబడినన్నాళ్లూ

పాతకాలంలో మిద్దె బాగోగులు తేల్చడానికి ఇంజినీరు అక్కర్లేదు. రాయలసీమ మట్టి మిద్దెలో దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన చౌడుమట్టి. తలెత్తితే ఇంటి ఎముకలన్నీ కనబడేవి. చెద ఎక్కిన దంతె, మధ్యలో కుంగిన దూలం, గోడలోకి దిగిన చోట చెమ్మకు నల్లబడ్డ దూలం కొస ఇంట్లో అందరి కళ్లకూ తెలిసేవి. వానలకు ముందు మిద్దెకెక్కి చౌడుమట్టి పరిచేవాళ్లు. ఆ పనే తనిఖీ కూడా. కాస్త కలిగినవారి మద్రాసు టెర్రస్‌లోనూ అంతే. టేకు దూలాల మీద ఇటుకల్ని సున్నంతో ఏటవాలు వరసల్లో నిలబెట్టి, ఆ పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి, రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. బరువు మోసే కర్ర మాత్రం కిందికి కనబడుతూనే ఉండేది.

శ్లాబు వచ్చాక ఆ ఎముక ఇనుప చువ్వగా మారి కాంక్రీటు లోపలికి పోయింది. కాంక్రీటులోని క్షారగుణం చువ్వను తుప్పు నుంచి కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ గుణాన్ని చంపుతుంది. అప్పుడు తడి తగిలితే చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఇనుముకంటే రెట్టింపును మించి చోటు అడుగుతుంది, కింది కాంక్రీటు పెచ్చులై ఊడుతుంది. అంటే పెచ్చు రాలే నాటికి జబ్బు పాతది. చువ్వ కింద ఉండాల్సిన కాంక్రీటు మందం శ్లాబులకు 1978 నాటి భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456లో కనీసం 15 మిల్లీమీటర్లు. 2000 నాటి సవరణలో, సన్నని చువ్వలకు తప్ప, తేలికపాటి పరిస్థితులకే 20 అయింది. మేస్త్రీ తొందర ఈ కాస్త మందాన్ని కూడా మింగేస్తుంది.

మట్టి మిద్దెలే భద్రమా అంటే, కాదు. ముసురుకు నాని అవి కూలి ప్రాణాలు పోవడం ఇప్పటికీ వింటున్నాం. శ్లాబు కూడా హెచ్చరిస్తుంది కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ భాష ఇంటివాళ్లకు ఎవరూ నేర్పలేదు. పూతలో వెంట్రుకంత సన్నని అల్లిక బీటలకు చాలాసార్లు భయపడనక్కర్లేదు. చువ్వ వెంబడి తిన్నగా సాగే బీట, గోధుమరంగు మరక, కర్రతో తడితే గుల్ల చప్పుడు మాత్రం ప్రమాదమే. వాటినీ ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ కప్పేస్తోంది. పాత ఇల్లు కొనేవారు బేరానికి ముందు ఆ సీలింగ్ పలక ఒకటి తీయించి, టార్చి వేసి చూడండి.