బోగీ మీద రాసిన అంకె

1917లో గాంధీజీ బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతి పెట్టెలో వెళ్లారు. టికెట్టు 13 రూపాయల 9 అణాలు. పెట్టె మీద 22 మందికి అని రాసి ఉంది, అదీ కూర్చోవడానికే. దారిలో రెండు రాత్రులు గడవాలి, నిశ్చింతగా నడుం వాల్చే చోటు లేదు. రాయచూరు దాటాక రద్దీ భరించలేనంతగా పెరిగిందని ఆయన రాశారు. రాయచూరు నుంచి మద్రాసు దారంటే గుంతకల్లు, కడప మీదుగానే. తోసుకుంటూ ఎక్కినవాళ్లలో మన సీమ జనం లేకుండా ఎలా ఉంటారు?

ఆ సెప్టెంబరులో రాంచీ నుంచి ఆయన రాసిన లేఖే 'థర్డ్ క్లాస్ ఇన్ ఇండియన్ రైల్వేస్' పుస్తకంలో మొదటి వ్యాసం. దాన్ని తలుచుకున్నప్పుడు అందరూ మురికి గురించి, మరుగుదొడ్ల గురించి చెబుతారు. నా దృష్టి ఆగేది మాత్రం ఆ 22 అనే అంకె దగ్గర. అది రైలు కంపెనీ దయతో రాయించింది కాదు. ఒక్కో పెట్టెలో ఎంతమంది ఎక్కవచ్చో నిర్ణయించి, ఆ సంఖ్యను అందరికీ కనిపించేలా రాయాలని 1890 నాటి రైల్వే చట్టమే చెప్పింది. పెట్టెకు లెక్క ఉంది. టికెట్ల అమ్మకానికి ఆ లెక్కతో ముడి లేదు. ఈ దేశంలో రైలు టికెట్టు చరిత్రంతా ఆ ముడి ఎవరికి పడింది, ఎవరికి పడలేదు అన్నదే.

1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు మొదటి రైలు నడిచింది. మూడేళ్లకు, 1856లో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు దక్షిణాదిలో మొదటి బండి కదిలింది. 1874కల్లా వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. కంపెనీలు మొదట్లో సామాన్లనూ దొరల్నీ నమ్ముకున్నాయి కానీ వాటిని నిలబెట్టింది మూడో తరగతి. తీర్థాలకూ సంతలకూ పెళ్లిళ్లకూ జనం విరగబడి ఎక్కారు. ప్రయాణికుల ఆదాయంలో సింహభాగం వాళ్లదే. సదుపాయాల్లో మాత్రం వాళ్ల వంతు చివరిది.

అప్పటి టికెట్టు నా తరానికి బాగా గుర్తు. బొటనవేలంత వెడల్పు, రెండంగుళాలకు కాస్త ఎక్కువ పొడవు, మందపాటి అట్టముక్క. ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ ఉద్యోగి 1830ల చివర్లో కనిపెట్టిన పద్ధతి అది. అంతకుముందు గుమాస్తా ప్రతి టికెట్టునూ చేత్తో రాసేవాడు. ఎడ్మండ్‌సన్ ముందే అచ్చువేసి వరుస నంబర్లు ఇచ్చాడు. సాయంత్రం చివరి నంబరు చూస్తే ఎన్ని అమ్ముడయ్యాయో, ఎంత డబ్బు రావాలో తేలిపోతుంది. బుకింగ్ గుమాస్తా అరలోంచి అట్టముక్క లాగి, ఇనుప యంత్రంలో దూర్చి టక్కున నొక్కేవాడు. తేదీ అంచు మీద గుంటలు పడినట్టు దిగేది. పిల్లలం ఆ గుంటల్ని వేలితో తడుముకుంటూ కూర్చునేవాళ్లం. సికింద్రాబాద్, రాయపురం రైల్వే ముద్రణాలయాల్లో ఏళ్ల తరబడి ఈ టికెట్లు అచ్చయ్యాయి.

గమనించండి, ఆ నంబరు డబ్బు లెక్క కోసం. సీటు లెక్క కోసం కాదు.

సీటు లెక్క రిజర్వేషన్‌తో వచ్చింది. కంప్యూటరుకు ముందు అది కాగితాల రాజ్యం. బండికొకటి, తేదీకొకటి చొప్పున పెద్ద పెద్ద రిజిస్టర్లు. ఒక బండి రిజిస్టరు ఒక గుమాస్తా దగ్గరే ఉండేది కాబట్టి ఆ బండికి ఆ కిటికీ దగ్గరే నిలబడాలి. దారిలోని స్టేషన్లకు విడివిడిగా కోటాలు. విజయవాడలో నిలబడి మద్రాసు నుంచి తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే టెలిగ్రాం వెళ్లాలి, జవాబు రావాలి. గుమాస్తా 'లేదు' అంటే అది నిజమో కాదో తెలుసుకునే దారి లేదు. బ్లాకు టికెట్ల మీద తగాదాలన్నీ ఆ మూసిన రిజిస్టరు దగ్గరే పుట్టాయి.

1974లో మూడో తరగతి పేరు పోయి రెండో తరగతి అయింది. పేరు మారితే బెంచీ మెత్తబడదు గదా. చెక్క బెర్తుల మీద రెండంగుళాల నురగ పరుపు వేయించింది 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతే. ఆ ఏడాది డిసెంబరులో బొంబాయి, హౌరా మధ్య తరగతుల తేడా లేని గీతాంజలి ఎక్స్‌ప్రెస్‌ను నడిపించిందీ ఆయనే. మన రైళ్ల చరిత్రలో మామూలు మనిషి వీపు గురించి ఆలోచించిన మంత్రుల్లో ఆయన్ని మొదట తలుచుకోవాలి.

1980ల నడుమ ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. 'కాన్సర్ట్' అనే కొత్త వ్యవస్థను 1994లో మొదట అమలు చేసింది సికింద్రాబాద్‌లోనే. 1999కల్లా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకదానికొకటి కలిశాయి. ఏ కిటికీ దగ్గరైనా ఏ బండికైనా టికెట్టు దొరకసాగింది. మూసిన రిజిస్టరు తెరుచుకుంది. ఇది నిజంగా పెద్ద మేలు. 1997లో తత్కాల్, 2002లో ఇంటర్నెట్ బుకింగ్ వచ్చాయి. మొదట్లో నెట్‌లో కొన్న టికెట్టు కొరియర్‌లో ఇంటికి వచ్చేది. తర్వాత ఫోన్‌లో సందేశం చూపిస్తే చాలన్నారు. 2018 నుంచి పెద్ద స్టేషన్లలో బోగీలకు చార్టులు అంటించడం కూడా మానేశారు. టార్చిలైటు వేసుకుని, వేలు పెట్టి, వయసూ సీటు నంబరూ చూసి తన పేరు వెతుక్కునే మనిషి ప్లాట్‌ఫారం మీద కనబడడం లేదు.

తగాదా మాత్రం చోటు మార్చుకుంది. ఉదయం తత్కాల్ తెరుచుకోగానే నిమిషాల్లో బెర్తులు అయిపోతాయి. ఏజెంట్లు మిగల్చరని మాట. 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉంటేనే ఆన్‌లైన్‌లో తత్కాల్ అన్నారు. ముందస్తు బుకింగ్ గడువును 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. ఆర్‌ఏసీలో ఒక సైడ్ లోయర్ బెర్తు మీద ఇద్దరు కూర్చుని తెల్లవార్లూ మోకాళ్లు ముడుచుకుంటారు. అయినా వీళ్లకు ఒక లెక్క ఉంది. బెర్తు లేకపోతే లేదని చెబుతారు, వెయిటింగ్ లిస్టు దాటకపోతే డబ్బు తిరిగిస్తారు.

జనరల్ బోగీ ప్రయాణికుడికి ఆ మాత్రం కూడా లేదు. అతని టికెట్టు దూరానికి, తరగతికి. ఫలానా బండికి కాదు. అందుకే ఒక బండికి ఎన్ని అమ్ముతున్నామన్న ప్రశ్నే రాదు. బండి ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడమే అతని రిజర్వేషన్. సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విశాఖ వైపు వెళ్లే బండి జనరల్ బోగీ చూడండి. తలుపు దగ్గర సంచి మీద కూర్చున్న తల్లి, ఆమె ఒళ్లో నిద్రపోయిన పిల్ల, మరుగుదొడ్డి లోపల కూడా నలుగురు. బోగీ గోడ మీద ఉన్న అంకె వాళ్ల భుజాల వెనక పడి కనబడదు.

బండ్లు పెంచితే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు. అది నిజమే, కాని పట్టాలు చాలాలి. కాజీపేట, విజయవాడ, గూడూరు దారిలో సరుకు బండ్లూ ఎక్స్‌ప్రెస్‌లూ ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. మూడో లైను పనులు దశలవారీగా సాగుతున్నది అందుకే. అవి పూర్తయ్యేదాకా లెక్క లేకుండా టికెట్లు అమ్ముకుంటూ పోవచ్చా?

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాకు బయల్దేరిన జనం తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. నాలుగు రోజులకే ఢిల్లీ హైకోర్టు రైల్వేను అడిగింది: బోగీలో పట్టేదానికి మించి టికెట్లు ఎందుకు అమ్ముతున్నారు? నాకు ఇందులో ఊరట కలిగించిన సంగతి ఒక్కటే. అన్‌రిజర్వుడు టికెట్టు కూడా ఇప్పుడు కంప్యూటర్‌లోంచే వస్తోంది. 2014 నుంచి మొబైల్‌లోనూ కొనవచ్చు. ఏ స్టేషన్‌లో ఏ గంటలో ఎన్ని అమ్ముడయ్యాయో రైల్వేకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. ఎడ్మండ్‌సన్ నంబరు సాయంత్రానికి చెప్పిన లెక్క ఇప్పుడు నిమిషంలో తేలుతుంది. ఆ లెక్కను బట్టి జనరల్ బోగీలు జోడించాలి, పండగ రోజుల్లో ఆ బండికే అని టికెట్టు ఇవ్వాలి, నిండితే తర్వాతి బండి చూపాలి. సీటు లేదని ముందే చెప్పడం కూడా మర్యాదే.

1890 నాటి చట్టం స్థానంలో 1989 రైల్వే చట్టం వచ్చింది. దాని 57వ సెక్షన్ కూడా ప్రతి బోగీలో ఎంతమంది ఎక్కవచ్చో నిర్ణయించమంటోంది. ఆ సంఖ్యను హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంతపు భాషలో కూడా రాయమంటోంది.