జంగ్ కింద కారీగర్ పేరు

ఉర్దూలో తుప్పును జంగ్ అంటాం. యుద్ధమూ జంగే. లిపిలో ఒకటి ‘జే’తో, ఇంకొకటి ‘జీమ్’తో మొదలవుతుంది. మన నాలుక మీద మాత్రం రెండూ ఒక్కటే. దాదా, పర్‌దాదాల నాటి దునాలీ బందూక్ ఉన్న ఖాందాన్‌లలో ఈ రెండు జంగ్‌లూ కలుస్తుంటాయి. పండక్కి ఇల్లు సర్దేటప్పుడు ఎవరో ఒకరు ఎమరీ పేపర్ పట్టుకుని ఆ ఇనుము మీద యుద్ధానికి దిగుతారు. అది తళతళలాడితే ఖాందాన్ ఇజ్జత్ పెరుగుతుందని వారి ఖయాల్.

కానీ 19వ శతాబ్దపు బందూక్‌లలో చాలావాటికి ఆ గోధుమరంగు ఉస్తాద్ చేత్తో పెట్టిందే. నాలీకి జిడ్డు లేకుండా చేసి, ఆమ్లం కలిసిన మందు పూసి, కావాలనే తుప్పు పట్టించేవారు. పైన తేలిన పొడిని తీగల బ్రష్‌తో దులిపి మళ్లీ పూసేవారు. ఇలా ఎన్నోసార్లు చేస్తేగానీ ఆ రంగు నిలిచేది కాదు. ఎర్రతుప్పు పట్టిన నాలీని నీళ్లలో మరిగిస్తే ఆ పొర నల్లబడుతుంది. నీలి నలుపు నాలీలకు ఆ రంగు అలా వచ్చిందే.

ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి చుట్టిన నాలీల మీద అలల్లాంటి చారలు పైకి తేలేదీ ఈ పనితోనే. పాత కత్తుల మీది అలలను ఉర్దూలో జౌహర్ అంటారు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఫౌలాద్ కోసం ఇస్ఫహాన్ సౌదాగర్లు అంత దూరం వచ్చింది అలాంటి కత్తుల కోసమే. అక్కడ జౌహర్ ఉక్కు గుణంలోనే ఉండేది. ఇక్కడ పట్టీల మెలికలో ఉంటుంది. రెండింటినీ కంటికి చూపించేది మాత్రం ఆమ్లమే. ఎమరీ పేపర్ దాన్ని మాయం చేస్తుంది.

బందూక్‌ను శుభ్రం చేయడం తప్పేమీ కాదు. అక్బర్ బాద్‌షా దగ్గర ఆవు తిప్పే చక్రంతో ఒకేసారి 16 నాలీలను శుభ్రం చేసేవారని అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో రాశాడు. ఇనుము ఎక్కడిది, చేసిన కారీగర్ ఎవరు, ఏ ఊళ్లో, ఏ తారీఖున చేశాడు అన్నవి బందూక్ మీదే చెక్కేవారని కూడా రాశాడు. ఉస్తాద్ కబీర్, హుసేన్ అనే ఇద్దరి పేర్లు ఆ కితాబు వల్ల ఇప్పటికీ మనకు తెలుసు. కితాబుకెక్కని మిగతా కారీగర్లకు ఆ ఇనుమే కితాబు. మనం రుద్దేస్తే వాళ్ల నామ్-ఓ-నిషాన్ ఉండదు.

అందుకే ముందు లైసెన్సు ఉన్న బందూక్‌ల దుకాణంలో చూపించి, లోపల తూటా లేదని తేల్చుకోండి. లైసెన్సు లేకుండా మరమ్మతు చేయడాన్ని 1959 ఆయుధాల చట్టం ఒప్పుకోదు. ఇంట్లో మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, పల్చగా నూనె రాస్తే చాలు. నాలీ మీద అక్షరాలుంటే ఫొటో తీసి, చదవగలిగే బుజుర్గ్‌లకు చూపించండి.