డచ్, ఫ్రెంచ్ కలిపి డిగ్రీ: ఎక్కడ చదవొచ్చు? ముందు ఏం చూసుకోవాలి?

రెండు భాషలను సమానంగా ప్రధాన సబ్జెక్టులుగా చదివే డిగ్రీలు యూరప్‌లో మామూలే. డచ్–ఫ్రెంచ్ జోడీకి అసలు చోటు బెల్జియం. ఆ దేశంలో ఉత్తరాన ఫ్లాండర్స్‌లో డచ్, దక్షిణాన వలోనియాలో ఫ్రెంచ్ మాట్లాడతారు. రాజధాని బ్రస్సెల్స్‌లో రెండూ అధికార భాషలే. ఫ్లెమిష్ అంటే వేరే భాష కాదు, బెల్జియంలో మాట్లాడే డచ్చే.

కోర్సు ఎలా ఉంటుంది?

గెంట్, లూవెన్, ఆంట్‌వెర్ప్ యూనివర్సిటీల్లో భాషా సాహిత్యాల బ్యాచిలర్ డిగ్రీ ఉంది. విద్యార్థి రెండు భాషలు ఎంచుకోవచ్చు. మూడేళ్ల చదువు, 180 క్రెడిట్లు. వ్యాకరణం, భాషా చరిత్ర, సాహిత్యంతో పాటు రాయడం, మాట్లాడడంలోనూ శిక్షణ ఉంటుంది. ఫ్రెంచ్ పాఠాలు ఫ్రెంచ్‌లో, డచ్ పాఠాలు డచ్‌లోనే చెబుతారు.

అడ్మిషన్ దగ్గరే చిక్కు

ఫ్లాండర్స్ పిల్లలు ప్రైమరీ స్కూల్ నుంచే ఫ్రెంచ్ చదువుతారు. అందుకే అక్కడి డిగ్రీలో ఫ్రెంచ్‌ను అక్షరాల నుంచి నేర్పరు. డచ్ మీడియం కోర్సులో చేరడానికి డచ్ కూడా సాధారణంగా బీ2 స్థాయిలో వచ్చి ఉండాలి. యూరప్ కొలమానంలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు, బీ2 నాలుగో మెట్టు. అంటే ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఒక్కదానితో ఇక్కడ పని జరగదు. ఇంటర్ అయిన వెంటనే వెళ్లాలంటే అంతకు ముందే రెండు భాషలూ నేర్చుకుని ఉండాలి. ఫ్రెంచ్‌కు హైదరాబాద్‌లోనే అలియాన్స్ ఫ్రాన్సేజ్, ఇఫ్లూ ఉన్నాయి. డచ్‌కు విడిగా దారి చూసుకోవాలి.

ఉర్దూ, తెలుగు వచ్చిన పిల్లలకు

ఫ్రెంచ్‌లో ప్రతి వస్తువు పేరుకూ పుంలింగమో స్త్రీలింగమో ఉంటుంది. ఉర్దూలో కితాబ్ స్త్రీలింగమని తెలిసిన వాళ్లకు ఇది వింతగా అనిపించదు. డచ్‌లో 25ను 'ఐదూ ఇరవై' అన్నట్టు చెబుతారు, ఉర్దూ పచ్చీస్‌లోనూ ఐదే ముందు వస్తుంది. డచ్ ఉపవాక్యాల్లో క్రియ చివరకు వెళ్తుంది, ఇది తెలుగు వాళ్లకు అలవాటైన పద్ధతే. 90ని ఫ్రాన్స్‌లో 'నాలుగు ఇరవైలు పది' అంటే, బెల్జియంలో ఒక్క మాటలో 'నొనాంత్' అంటారు.

చదివాక ఏంటి?

టీచింగ్, అనువాదం, పబ్లిషింగ్, బ్రస్సెల్స్‌లోని ఆఫీసులు ప్రధాన దారులు. యూరోపియన్ యూనియన్ 24 అధికార భాషల్లో ఈ రెండూ ఉన్నాయి. చరిత్ర పరిశోధనకూ ఈ జోడీ పనికొస్తుంది. మచిలీపట్నంలో వ్యాపారం చేసిన డచ్ కంపెనీ కాగితాలు డచ్‌లో ఉన్నాయి, గోల్కొండ వజ్రాల గురించి రాసిన టావెర్నియే పుస్తకం ఫ్రెంచ్‌లో ఉంది. కుతుబ్‌షాహీల కాలాన్ని మూలంలోనే చదవాలనుకునే వాళ్లకు రెండూ కావాలి.

కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు మూడు విషయాలు యూనివర్సిటీనే నేరుగా అడిగి తెలుసుకోవాలి: ఏ భాషలో ఏ స్థాయి అడుగుతున్నారు, ఏ సర్టిఫికెట్ ఒప్పుకుంటారు, దాన్ని ఏ తేదీలోపు ఇవ్వాలి. భాష నేర్చుకోవడానికి పట్టే కాలాన్ని కూడా చదువు ఖర్చులోనే కలిపి లెక్క వేసుకోవాలి.