కట్టుట నేర్పు బడికి పరీక్ష

మా ఊరి పేరే కొత్తచెరువు. చెరువు పేరు పెట్టుకొన్న ఊరివాడను గనుక గట్టును గూర్చి మాటాడుట నాకు చిన్ననాటి అలవాటు. వాన జోరుగా కురిసిన రాత్రులలో పెద్దలు లాంతరు చేతబట్టుకొని గట్టుమీద తిరుగుట చూచియున్నాను. తూము దగ్గర నీరు ఊరుచున్నదా, మన్ను జారుచున్నదా యని వంగి వంగి చూచెడివారు.

ఆ చూపునే శాసనముగా చెక్కించినవారు మన సీమలో కలరు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు కట్టించెను. అచ్చటి 1369 నాటి సంస్కృత శాసనము చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పుచున్నది. ధర్మాత్ముడగు ప్రభువు, గట్టినేల, తీయనినీటి యేరు, పొడవైన రాళ్లు దొరకు గని అంగములే. జలశాస్త్రమెరిగిన పండితుడును, పని తెలిసిన కూలీలును అంగములే. దోషములలో చెప్పదగినవి గట్టునుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట. ఈ కడపటిదాని సంగతి నీటి తగవులు చూచినవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టెనట.

పండితుడు అంగమైనపుడు, అతనిని తయారుచేయు బడికిని కొలత యుండవలెను గదా! మన దేశమున 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము ఆ పని చేయుచున్నది. వాస్తుశిల్ప విద్యయనగా గుమ్మము ఏ దిక్కున నుండవలెనను చర్చ కాదు; గాలి, వెలుతురు, బరువు, నీటిపారుదల తెలిసి ఇల్లు కట్టు విద్య. గుర్తింపులేని కళాశాలలో చదివినవానికి ఆర్కిటెక్టుగా నమోదు లేదు. అయితే ఆ కళాశాలకే ఉపద్రవము వచ్చినచో? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు ఈ విద్య నేర్పు ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆవరణలో చెట్లు కూలెను, కట్టడములు దెబ్బతినెను. ఇంతకంటె పెద్ద చిక్కు అంతకు తొమ్మిదేండ్ల ముందు అమెరికాలో వచ్చినది.

అచ్చటి న్యూ ఆర్లియన్సు నగరము గట్ల నడుమ, పళ్లెమువలె పల్లములో నున్నది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చి గట్లు తెగెను; ఊరిలో ఇంచుమించు ఎనుబది పాళ్లు మునిగెను. లండన్ ఎవెన్యూ కాలువ గోడ నీరు పైకెక్కి పొర్లినందున పడలేదు. క్రింది యిసుకలోనుండి నీరు ఊరినందున పడినది. మన శాసనము ఆరువందల యేండ్ల క్రిందట చెప్పిన దోషమునకు ఇది దగ్గరి చుట్టము.

ఆ నగరమందలి టులేన్ విశ్వవిద్యాలయము ఆ యర్ధసంవత్సరము మూతబడెను. విద్యార్థులు దేశమెల్ల చెదరిపోయి పరుల కళాశాలలలో చేరిరి. తక్కిన చదువులకు పుస్తకము చాలునేమో గాని, ఈ విద్య గురువు ప్రక్కన నిలిచి గీతలు దిద్దించుకొనుటవలన గాని రాదు. గుర్తింపు మండలివారు వచ్చినపుడు భవనమును మాత్రమే చూడరు. విద్యార్థులు గీసిన పటములను, చేసిన నమూనాలను పరచి చూపుమందురు. ఒక్కొక్కడు ఒక్కొక్కచోట అరకొరగ నేర్చినదానికి ఇంటి బడి ఏమని పూచీపడగలదు?

ఆపదలో నున్నవారిని పరీక్షించుట కాఠిన్యమని కొందరందురు. నేనొప్పుకొనను. గడువు పొడిగింపవచ్చును గాని కొలత కుదింపరాదు; ఆ కప్పు క్రింద పండుకొనువాడు వేరొకడు. టులేనువారు 2006 జనవరిలో బడి తెరచి, వేసవిలో చిన్న యర్ధసంవత్సరమొకటి అదనముగా నడపి, తప్పిన పాఠములకు వీలు కల్పించిరి. 2005 డిసెంబరులోనే పెక్కు ఇంజనీరింగు శాఖలను మూయుటకు నిర్ణయించియు, వాస్తుశిల్ప విద్యాలయమును నిలుపుకొనిరి.

అంతటితో ఊరకుండక ఆ విద్యాలయమువారు తమ విద్యార్థులచే ఊరిలోనే ఇండ్లు రూపకల్పన చేయించి, వారి చేతులతోనే కట్టించిరి. వానిలో మొదటిది 2006లో త్రెమే పేటలో లేచినది.