తలలోని గుట్టు నుంచి జేబులోని సంతకం దాకా

1962లో అమెరికాలోని ఎంఐటీలో ఒక్క కంప్యూటర్‌ను ఎందరో పంచుకుని వాడేవాళ్ళు. ఎవరి ఫైళ్ళు వాళ్ళకే కనబడాలని ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్‌ఎస్ అనే ఆ ఉమ్మడి వ్యవస్థలో మనిషికో పాస్‌వర్డ్ పెట్టింది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి దక్కే నాలుగు గంటలు ఏ మూలకూ చాలలేదు. పాస్‌వర్డ్‌లున్న ఫైలును అచ్చు వేయమని పంచ్ కార్డు మీద కోరాడు. యంత్రం మారుమాట లేకుండా అందరి గుట్టూ కాగితం మీద దించి ఇచ్చింది.

పాస్‌వర్డ్‌కు పుట్టుకతో వచ్చిన లోపం అప్పుడే బయటపడింది. ఒకే రహస్యం రెండు చోట్ల ఉండాలి: మనిషి తలలో, యంత్రం ఫైలులో. ఎక్కడ జారినా రెండూ పోయినట్టే. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 3,289 పాస్‌వర్డ్‌లను పరిశీలిస్తే వాటిలో 86 శాతం తేలిగ్గా పట్టుబడేవేనని తేలింది.

దారి చూపిన ఆలోచన అంతకు ముందే, 1976లో వచ్చింది. డిఫీ, హెల్‌మన్ ప్రతిపాదించిన పబ్లిక్ కీ పద్ధతిలో కీలు జంటగా ఉంటాయి: గుట్టుగా ఉంచుకునే ప్రైవేట్ కీ, అందరికీ ఇవ్వగలిగే పబ్లిక్ కీ. ప్రైవేట్ కీతో సంతకం చేస్తే, ఆ కీని చూడకుండానే అవతలివాళ్ళు పబ్లిక్ కీతో సరిచూసుకోవచ్చు. సర్వర్‌లోంచి పబ్లిక్ కీని ఎత్తుకుపోయినా దొంగకు ఒరిగేదేమీ లేదు. మరి ఆ ప్రైవేట్ కీని మామూలు మనిషి ఎక్కడ దాచుకోవాలి? ఈ ప్రశ్నకు అందరికీ పనికొచ్చే జవాబు దొరకడానికి మూడు దశాబ్దాలు దాటింది. స్మార్ట్‌ఫోన్ వచ్చాకగానీ ఆ ముడి విడలేదు.

అందరికంటే ముందు దేశమంతటా ఇలాంటి సంతకాన్ని వాడుకలోకి తెచ్చినవాళ్ళలో స్వీడన్ బ్యాంకులు ఉన్నాయి. పోటీలో ఉన్న బ్యాంకులే కలిసి ఒక కంపెనీ పెట్టి, 2003లో బ్యాంక్‌ఐడీ ఇవ్వడం మొదలుపెట్టాయి. మొదట్లో అది కంప్యూటర్‌లో దాచుకునే ఫైలు, లేదా కార్డు. కొన్నేళ్ళకు మొబైల్ యాప్ వచ్చాక దాని దశ తిరిగింది. బ్యాంకు ఖాతా తెరవాలన్నా, పన్ను లెక్కలు సమర్పించాలన్నా, 2012లో వచ్చిన స్విష్‌తో డబ్బు పంపాలన్నా అదే యాప్, అదే పిన్. అవతలి వెబ్‌సైట్‌కు పాస్‌వర్డ్ అనేదే అక్కర్లేదు.

అయితే మోసగాళ్ళూ ఊరుకోలేదు. స్వీడన్‌లో ప్రతి మనిషికీ ఉండే వ్యక్తిగత నంబరు పెద్ద రహస్యమేమీ కాదు. దొంగ ఆ నంబరును బ్యాంకు సైట్‌లో కొట్టి, బ్యాంకు ఉద్యోగినంటూ ముసలివాళ్ళకు ఫోన్ చేసేవాడు. యాప్ మేల్కొనేది, వాళ్ళు నమ్మి పిన్ నొక్కేవాళ్ళు. కీ ఫోన్ దాటలేదు, గణితం ఎక్కడా తప్పలేదు, అయినా డబ్బు పోయింది. అందుకే క్షణక్షణం మారే క్యూఆర్ కోడ్‌ను తెచ్చారు. లాగిన్ తెర ఎదుట ఉన్న ఫోనే దాన్ని చదవగలదు, మారిపోయే కోడ్‌ను ఫోన్‌లో మాటలతో చెప్పి పంపడం కుదరదు. ఇంత సాదా ఉపాయం ఇంత పని చేయడం ఈ చరిత్రలో మెచ్చుకోవలసిన ఘట్టం.

అమెరికాలో 2013లో క్లెఫ్ అనే యాప్ వచ్చింది. కంప్యూటర్ తెర మీద కదిలే గీతల అలను ఫోన్ కెమెరాకు చూపితే చాలు, లాగిన్ అయిపోయేది. చూడముచ్చటగా ఉండేది, లోపల జరిగేదీ పబ్లిక్ కీ సంతకమే. 2017 జూన్‌లో మూతపడింది. స్వీడన్ బ్యాంకుల్లా దేశమంతటినీ ఒక్క తాటి మీదికి తేగల బలం చిన్న కంపెనీకి ఎక్కడిది? ప్రతి సైటూ ఒప్పుకోవాలి, ప్రతి మనిషీ ఇంకో యాప్ దించుకోవాలి.

ఆ ఒప్పుదల కోసం వేరే చోట అప్పటికే ప్రయత్నం మొదలైంది. 2009 చివర్లో వేలిముద్ర సెన్సర్లు చేసే వాలిడిటీ సంస్థ సాంకేతికాధికారి రమేష్ కేసనుపల్లి, పేపాల్ భద్రతాధికారి మైకేల్ బారెట్‌ను కలిశారు. తెలుగువాళ్ళకు వినగానే దగ్గరగా తోచే ఇంటిపేరు ఆయనది. వేలిముద్రతో పేపాల్‌లోకి వెళ్ళే వీలుందా అని అడిగితే, అందరికీ తెరిచి ఉంచిన ప్రమాణమైతేనే సరేనన్నారు బారెట్. ఆ మాటే 2013 ఫిబ్రవరిలో ఫైడో అలయన్స్‌గా బయటికొచ్చింది. అదే ఏడాది ఐఫోన్‌లోకి వేలిముద్ర సెన్సర్ వచ్చింది.

ఈలోగా పెద్ద కంపెనీలూ సొంత యాప్‌లతో బరిలో దిగాయి. 2015లో యాహూ, 2017లో మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లో ‘అవును’ నొక్కించాయి. ఆ ‘అవును’ ఎంత బలహీనమైనదో 2022లో ఉబర్‌కు తెలిసొచ్చింది. అక్కడ అది పాస్‌వర్డ్ తర్వాతి రెండో మెట్టు మాత్రమే. ఒక కాంట్రాక్టర్ పాస్‌వర్డ్ దొరికిన దొంగ మళ్ళీ మళ్ళీ లాగిన్ అభ్యర్థనలు పంపాడు. కాంట్రాక్టర్ చాలాసార్లు ఒప్పుకోలేదు, చివరికి ఒక్కసారి ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఆథెంటికేటర్‌లో, లాగిన్ తెర మీది అంకెను చూసి ఫోన్‌లో కొట్టే పద్ధతిని తప్పనిసరి చేసింది.

ఫైడో ప్రమాణం మీద నడిచే పాస్‌కీలు, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్ దాచుకునే కీలు, ఆ జాగ్రత్తను మనిషి మీద వదలవు. కీ ఏ సైట్ పేరుతో పుట్టిందో ఆ పేరుకే పనిచేస్తుంది. నకిలీ సైట్ ఎంత అచ్చంగా ఉన్నా బ్రౌజర్ చిరునామా చూసి ఆపేస్తుంది. 2022 మేలో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ వీటికి కట్టుబడ్డాయి. దాంతో విడిగా యాప్ చేయాల్సిన పని చాలామటుకు ఫోన్‌లోనే కలిసిపోయింది.

మన దేశంలో 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రిజర్వ్ బ్యాంక్ అదనపు ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. క్రమంగా ఎస్‌ఎంఎస్ ఓటీపీ ఇంటింటి మాటైంది. షెర్ కాలపు పాస్‌వర్డ్‌లాగే ఓటీపీ కూడా చదివి చెప్పగలిగే రహస్యమే, అందుకే ఫోన్ చేసి మోసగించేవాళ్ళకు అదంటే అంత ఇష్టం. 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాలు రెండంచెల ధ్రువీకరణను కొనసాగిస్తూనే ఓటీపీ ఒక్కదానికే కట్టుబడనక్కర్లేదన్నాయి. అమలుకు పెట్టిన తేదీ 2026 ఏప్రిల్ 1.