కొండ ఎత్తు, కనుమ దారి

రసాయన చర్యను ఎక్కి దిగే గుట్టలా గీయడం ఇప్పుడు ఇంటర్ విద్యార్థికీ తెలుసు. ఆ గుట్ట ఎత్తు తెలిసిన నలభై రెండేళ్లకు గానీ దాని ఆకారం లెక్కకు అందలేదు.

ఎత్తు చెప్పినవాడు స్వీడన్‌కు చెందిన అరీనియస్. ఆమ్లంలో చెరకు చక్కెర విడిపోయే వేగం కాస్త వేడికే ఎందుకంత పెరుగుతోందన్నది ఆయన ప్రశ్న. అదనపు శక్తి అందిన కొద్ది అణువులే చర్యలో పాల్గొంటాయని 1889లో తేల్చాడు. అదే ఉత్తేజన శక్తి. దారి గురించి ఫ్రాన్స్‌లో రెనే మార్స్‌లాన్ ఆలోచించాడు గానీ, 1914లో యుద్ధం అతన్ని పొట్టన పెట్టుకుంది.

1931లో ఆ దారిని గీసి చూపినవాళ్లు బెర్లిన్‌లోని కైజర్ విల్‌హెల్మ్ సంస్థలో కలిసి పనిచేసిన అమెరికన్ హెన్రీ ఐరింగ్, హంగరీవాడైన మైకేల్ పొలాన్యీ. ఎంచుకున్న చర్య చాలా చిన్నది: ఒక హైడ్రోజన్ పరమాణువు వచ్చి, హైడ్రోజన్ అణువులోని ఒకదాన్ని తప్పించి తాను జతకట్టడం. మూడూ ఒకే వరుసలో ఉంటే చూడాల్సినవి రెండు దూరాలే. ఏ దూరాల దగ్గర ఎంత శక్తి ఉంటుందో కొంత క్వాంటమ్ సిద్ధాంతం నుంచి, కొంత ప్రయోగాల కొలతల నుంచి రాబట్టి పటం వేశారు. అందులో రెండు లోయలు, వాటిని కలిపే ఒక కనుమ కనిపించాయి. దారిన పోయేవాడికి కనుమే అన్నిటికన్నా ఎత్తు. పక్కనున్న కొండలకు అదే పల్లం. పరివర్తన స్థితి అంటే ఆ చోటే. లోయ అడుగున సాగే ఆ దారిని తిన్నగా పరిస్తే మన పుస్తకాల్లోని రేఖ వస్తుంది. కాబట్టి అడ్డంగా ఉన్న అక్షం కాలాన్ని చూపదు, చర్య ఎంతవరకు సాగిందో చూపుతుంది.

చర్య అంచెలంచెలుగా జరిగితే కనుమలు పెరుగుతాయి. రెండింటి మధ్య లోయలో కాసేపైనా నిలిచేది మధ్యస్థ పదార్థం. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ నీటితో కలిసినప్పుడు అక్కడ ఉండేది కార్బోకాటయాన్. ఏ అంచె వేగాన్ని నిర్ణయిస్తుందన్న దగ్గరే చాలామంది తడబడతారు. మొదటి కనుమ మోల్‌కు 60 కిలోజౌళ్ల ఎత్తు, లోయ 40, రెండో కనుమ 80 అనుకుందాం. రెండోసారి ఎక్కాల్సింది 40 మాత్రమే. అయినా వేగం దాని చేతిలోనే ఉంది, ఎందుకంటే లోయలోకి దిగినవాటిలో చాలామటుకు 20 ఎక్కి వెనక్కి పోతాయి. కనుమలు 80, 70 అయి, లోయ మొదలుకన్నా 20 కిందికి ఉంటే కథ మారుతుంది: అణువులు ఆ లోయలోనే పేరుకుంటాయి, బయటపడాలంటే 90 ఎక్కాలి.

పొలాన్యీ పనిచేసిన సంస్థకు తర్వాత ఫ్రిట్జ్ హాబర్ పేరు పెట్టారు. దానికి డైరెక్టరుగా పనిచేసిన గెర్హార్డ్ ఎర్ట్ల్, ఇనుముపై అమ్మోనియా తయారయ్యే అంచెలన్నిటికీ ఇలాంటి పటమే తేల్చాడు. 2007లో నోబెల్ అందుకున్నాడు. అక్కడ నెమ్మదైన అంచె నైట్రోజన్ అణువు విడిపోవడం. ఆయన పటంలో ఆ ఎత్తు చిన్నదే. అయినా ఇనుమును తాకే నైట్రోజన్ అణువుల్లో విడిపోయేది దాదాపు పది లక్షలకు ఒకటి. దాటడానికి సరిగ్గా కుదరాల్సిన సందు అంత ఇరుకు, ఆ ఇరుకు మాత్రం రేఖలో కనపడదు.