పది మీటర్ల దూరం

'తుపాకి' అనే మాట తురుష్కుల నోట పుట్టి మనదాకా వచ్చింది. మాటతోపాటు వస్తువూ మన సీమకు పెందలాడే చేరింది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఆ కోటలో ఒక ఫ్రెంచివాడు ఫిరంగులు పోత పోస్తుండడం చూసి రాసుకున్నాడు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి వదిలేసినప్పుడు దత్త మండలాల కలెక్టరుగా వచ్చిన మన్రో దొర ముందున్న మొదటి పని పాలెగాళ్ల చేతుల్లోంచి ఆయుధాలు దించడమే. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు ఎట్లా ముగిసిందో మన బడిలో చదివిన ప్రతివాడికీ తెలుసు. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేకుండా తుపాకీ ముట్టుకోవడం నేరమైంది. ఆ తర్వాత తుపాకీ అంటే పోలీసుది, లేదంటే పెద్దరెడ్డి ఇంట్లో గోడకు తగిలించినది, అదీ కాకపోతే అడవి అంచున పందుల కోసం దాచుకున్న నాటుది. ఇక ఇరవయ్యో శతాబ్దం చివర కడప పేరు చెబితే బయటి ఊళ్లవాళ్ల మొహాలు ఎట్లా మారేవో, ఉద్యోగాల కోసం నాలుగు ఊళ్లు తిరిగిన మనందరికీ అనుభవమే.

ఇట్లాంటి చోట తుపాకీ ఆట వస్తువుగా రావడానికి రెండే దారులు. ఒకటి దర్గా ఉరుసులోనూ, దేవుని కడప తిరునాళ్లలోనూ పెట్టే బుడగల అంగడి. రెండోది మన బడి ఎన్‌సీసీ. ఈ రెంటిలో ఒలింపిక్స్‌కు దగ్గరి చుట్టం ఎన్‌సీసీ రైఫిలే అని అప్పట్లో మనందరి నమ్మకం. చరిత్ర వేరేగా నడిచింది. ఈ వ్యాసంలో చెప్పబోయేది అదే.

ముందు ఎన్‌సీసీ తూటా సంగతి. దాని పేరు పాయింట్ టూ టూ. దాని ముత్తాతను 1845లో ఫ్లోబేర్ అనే ఫ్రెంచి తుపాకుల తయారీదారు చేశాడు. ఇంటి హాల్లో నిలబడి గురి చూసి కాల్చుకునే వినోదానికి వాడిన చిన్న తూటా అది. 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ దాన్ని పెంచి ఇప్పుడున్న 'లాంగ్ రైఫిల్' రూపానికి తెచ్చింది. సుమారు రెండున్నర గ్రాముల సీసపు గుండు. దెబ్బ తగలాల్సిన మందు తూటా అడుగు అంచు చుట్టూ ఉంటుంది కాబట్టి సూది అంచు మీదే కొడుతుంది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్‌కు, 25 మీటర్ల పిస్టల్‌కు ఇప్పటికీ ఇదే తూటా.

1948లో చట్టం చేసి ఎన్‌సీసీని స్థాపించినప్పటి నుంచి దేశంలో లక్షలమంది పిల్లలు జీవితంలో కాల్చిన మొదటి తూటా, చాలామంది విషయంలో చివరిది కూడా, ఇదే. 1983లో నేను ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు మనకు ఏడాదికి ఒక్కసారి ఫైరింగు. ఊరి బయట కొండ వారన, పాతిక గజాల దూరం, బోర్లా పడుకుని, మనిషికి అయిదు తూటాలు. కమాండ్లన్నీ హిందీలో. కాల్చిన తర్వాత ఖాళీ గొట్టాలు ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక ఏడు ఒక్క గొట్టం తక్కువైతే, పొద్దు గూకేదాకా ముప్పై ఎనిమిది మందిమి గడ్డిలో మోకాళ్ల మీద దేవులాడాం. ఆ అయిదు తూటాల కోసం మన ఎన్‌సీసీ సారు మూడు నెలల పాటు ఉత్త తుపాకీతో సాధన చేయించేవారు. గొట్టం కొసన పది పైసల అల్యూమినియం బిళ్ల పెట్టి ట్రిగ్గర్ నొక్కమనేవారు. బిళ్ల పడిందా, మళ్లీ మొదటి నుంచి. "రేయ్, తూటా సర్కారుది. ఊపిరి నీది. నీ చేతిలో ఉన్నదాన్ని ముందు సరిచూసుకో" అనేవారు. తూటాలు లేక పెట్టిన పాఠం అది అనుకునేవాళ్లం. ప్రపంచ విజేతలు కూడా రోజులో సగం సాధన ఖాళీ తుపాకీతోనే చేస్తారని ముప్పై ఏళ్ల తర్వాత చదివినప్పుడు సారు గుర్తొచ్చారు.

దేశం సంగతికి వస్తే, 1951లో జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. తొలి లోక్‌సభ స్పీకరు మవలంకర్ దాని వ్యవస్థాపక అధ్యక్షులు. మరుసటి ఏడే హరిహర్ బెనర్జీ హెల్సింకి ఒలింపిక్స్‌లో రైఫిల్ పట్టారు. తర్వాతి చాలా ఏళ్లు ఈ ఆట రాజావార్లది. బికనీర్ మహారాజు కర్ణీసింగ్ అయిదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు, 1962లో ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చారు. ఆయనది గాల్లోకి ఎగిరే మట్టి పళ్లేలను షాట్‌గన్‌తో కొట్టే 'ట్రాప్'. తుపాకీ ఖరీదు, ప్రతి దెబ్బకూ ఒక తూటా, ఎగరేసే యంత్రం, ఎకరాల కొద్దీ ఖాళీ స్థలం. మధ్యతరగతి ఇంటివాడు తొంగి చూడగలిగిన ఆట కాదది.

ఆ తలుపు తెరిచింది గాలి తుపాకీ. 1984 లాస్ ఏంజెలెస్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది, 1988 సియోల్‌లో ఎయిర్ పిస్టల్ వచ్చింది. మందు లేదు, పొగ లేదు, పెద్ద చప్పుడూ లేదు. మన ఉరుసు అంగట్లో బుడగలు పేల్చిన తుపాకీకి పెద్దింటి బిడ్డ అన్నమాట. దూరం పది మీటర్లు, అంటే మన బడి వరండాలో మూడు తరగతి గదుల పొడవు కూడా లేదు.

కొలతలు నా వృత్తి కాబట్టి కొంచెం లెక్క చెప్పనివ్వండి. ఎయిర్ రైఫిల్ లక్ష్యం మొత్తం వ్యాసం 45.5 మిల్లీమీటర్లు. నడుమ ఉండే పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, బాల్‌పెన్ను కొసతో పెట్టిన చుక్కంత. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు ఉంటుంది, దాని అంచు చుక్కను తాకితే చాలు కాబట్టి, పెల్లెట్ నడిబొడ్డు లక్ష్యం నడిబొడ్డుకు 2.5 మిల్లీమీటర్ల లోపల పడాలి. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య 80 సెంటీమీటర్లు ఉందనుకుంటే, ముందు సైటు 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే పది పోయినట్టే. అంటే రెండు మూడు వెంట్రుకల మందం. అయిదు కిలోల బరువు పట్టుకుని, నిలబడి, అరవై సార్లు, 75 నిమిషాల్లో.

అందుకే తుపాకీ ఎంపిక గురించి కొత్తవాళ్లు అడిగేది ఒకటి, పాతవాళ్లు చెప్పేది ఒకటి. కొత్తవాడు "ఏ కంపెనీది మంచిది?" అంటాడు. ఫెయిన్‌వెర్క్‌బౌ, వాల్తెర్, ఆన్షుట్జ్, స్టయర్, ఏదైనా ఈ స్థాయిలో మనిషి కంటే మెరుగ్గానే కాలుస్తుంది. పాతవాడు "నీకు అతికిందా?" అంటాడు. బట్ పొడవు, చెంప ఆనే దిమ్మె ఎత్తు, పిడి కోణం, ట్రిగ్గర్ దూరం ఇవన్నీ మరలతో జరుపుకోవచ్చు. తల వంచకుండానే కన్ను సైటుకు ఎదురు రావాలి. తల సైటు కోసం వెతుక్కుంటోందంటే ఆ తుపాకీ ఎంత ఖరీదైనా నీది కాదు. పాతకాలపు స్ప్రింగు తుపాకీలో పెల్లెట్ గొట్టం దాటే లోపే పిస్టన్ దూకి తుపాకీని కదిలిస్తుంది. తర్వాత వచ్చిన, సిలిండర్లో నింపిన గాలితో పనిచేసే తుపాకుల్లో ఆ కుదుపు దాదాపు లేదు. నేర్చుకునే బిడ్డకు ఆ రకం వాడినది దొరికితే, కొత్త స్ప్రింగు తుపాకీ కంటే అదే నయమని నా అభిప్రాయం.

తూటా విషయంలో మాత్రం పీనాసితనం పనికిరాదు. పోటీ పెల్లెట్ ముక్కు చదునుగా ఉంటుంది, కాగితాన్ని చింపకుండా పంచింగ్ మిషన్ మాదిరి గుండ్రంగా కోస్తుంది. బరువు అర గ్రాముకు కాస్త ఎక్కువ. ఒకే రకంలోనే తల కొలత 4.48, 4.49, 4.50 అని వేర్వేరు డబ్బాలుంటాయి. మిల్లీమీటరులో నూరో వంతు తేడా! ఏ గొట్టానికి ఏ డబ్బా నప్పుతుందో పుస్తకం చూసి చెప్పలేం. గొట్టాన్ని బిగించి, ఒక్కో డబ్బా నుంచి పది పెల్లెట్లు కాల్చి, రంధ్రాల గుంపు ఏది చిన్నదో చూడాలి. నప్పిన తయారీ నంబరు దొరికితే ఆ నంబరువే ఏడాదికి సరిపడా కొని పెట్టుకుంటారు. పాయింట్ టూ టూలోనూ అంతే, ఎలీ టెనెక్స్ అయినా లాపువా అయినా లాట్ పరీక్ష తప్పదు. పైగా ఆ పోటీ తూటాలను శబ్ద వేగం దాటకుండా తయారు చేస్తారు. దాటి మళ్లీ దిగేచోట గుండు తడబడుతుంది కాబట్టి.

మన ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మే నెలలో కడపలో 50 మీటర్ల దూరాన లక్ష్యం ఉన్నచోట ఉండదు, ఎండమావిలో ఈదుతూ ఉంటుంది. కన్ను చూసిన చోటుకు కాల్చినా గుండు పక్కన పడుతుంది. నీడన, గదిలో, పది మీటర్లకు ఆ బాధ లేదు. మన సీమకు ఈ ఆట సరిపోతుందని నేను అనడానికి అదొక కారణం.

తెలుగు నేలలో ఈ దారి ఎంత దూరం పోతుందో చూపించినవాడు గగన్ నారంగ్. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగాడు. కొడుక్కి మంచి రైఫిల్ కొనడానికి తండ్రి ఇంటి స్థలం అమ్మిన కథ అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. 2003లో హైదరాబాదులోనే జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. 2008 బీజింగ్‌లో 600కు 595 కొట్టి కూడా, సమాన మార్కుల వాళ్లలో చివరి వరుస లెక్కలో వెనకబడి ఫైనల్‌కు పోలేదు. 596 కొట్టిన అభినవ్ బింద్రా ఫైనల్‌కు పోయి, ఆఖరి దెబ్బకు 10.8 కొట్టి 700.5తో మన దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చాడు. తేడా ఒక్క మార్కు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో నారంగ్ 598, ఫైనల్‌తో కలిపి 701.1. బింద్రా బంగారం కంటే ఎక్కువ మార్కులు, దొరికింది మాత్రం కాంస్యం. నాకైతే ఆ కాంస్యమే ఎక్కువ ముచ్చట. బీజింగ్ తర్వాత తుపాకీ గోడకు తగిలించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.

ఆయన వెనక తర్వాతి వరుస వచ్చింది. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. పుట్టుకతో వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. ఈ జాబితాలో కడప, కర్నూలు పేర్లు వెతుక్కుంటూ పోతే నా చూపుడు వేలు ఎక్కడా ఆగలేదు.

సాధన గురించి రెండు మాటలు. నిలబడిన తీరు కుదిరిందో లేదో తెలియాలంటే కళ్లు మూసుకుని రెండు ఊపిర్లు తీసుకుని తెరవాలి. గొట్టం పక్కకు పోయి ఉంటే చేత్తో లాగకూడదు, పాదాలు జరపాలి. లాగి తెచ్చిన గురి ట్రిగ్గర్ పడగానే తన చోటికి తాను పోతుంది. తెల్లకాగితం మీద, చుక్క లేకుండా కాల్చడం ఇంకో సాధన. మార్కుల ఆశ లేకపోతే ట్రిగ్గర్ ఎట్లా కదులుతుందో తెలుస్తుంది. దెబ్బ పడ్డాక కూడా రెండు క్షణాలు అట్లాగే చూస్తుండాలి. ముందు గుంపు చిన్నదవాలి, దాన్ని నడుమకు తేవడం సైటు మరల పని. ఇదంతా రాసుకునే నోటు పుస్తకం ఒకటి ఉండాలి. బింద్రా అయితే బీజింగ్ హాలు ఎట్లా ఉంటుందో అలవాటు కావడానికి పెళ్లి మంటపం అద్దెకు తీసుకుని సాధన చేశాడట. అంత అవసరం మనకిప్పుడు లేదు.

మనకున్నది పాత ఎన్‌సీసీ స్టోరు గది. స్వర్ణోత్సవ నిధితో దాన్ని ఏం చేయాలని మొన్న సంఘం సమావేశంలో చర్చ వచ్చినప్పుడు నేను ఎయిర్ రైఫిల్ రేంజి మాట ఎత్తాను. ఒక పెద్దాయన, మనకు సీనియరు, నేను గౌరవించే మనిషి, వెంటనే అన్నారు: "అప్పా, ఇన్నేండ్లకు ఊరు సల్లబడింది. మళ్లీ పిల్లోల్ల చేతికి తుపాకీ ఏంటికి?" ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. ఆయన ఇంట్లో ఏం జరిగిందో ఆ గదిలో సగంమందికి తెలుసు. ఎన్‌సీసీలో నా పేరు రాయించడానికి మా అమ్మ కూడా రెండు వారాలు ఒప్పుకోలేదు, కారణం అదే.

ఆయనకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. అన్నా, .177 బోరు, 20 జౌళ్లు దాటని గాలి తుపాకీకి 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, కానీ రేంజిలో నియమం చట్టం కంటే గట్టిగా ఉంటుంది. కాల్చే గీత దాటి ఎవరైనా ముందుకు పోతే అన్ని తుపాకులూ కింద పెట్టాలి. కాల్చనప్పుడు ప్రతి గొట్టంలో రంగు దారం దూర్చి ఉండాలి, లోపల ఏమీ లేదని అందరికీ కనపడేట్టు. ఖాళీదైనా సరే మనిషి వైపు తిప్పినవాడికి ఆ రోజు ఆట లేదు. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా ఎవరూ తిండి ముట్టకూడదు. తుపాకులకు తాళం ఒకరి దగ్గర, పెల్లెట్లకు తాళం ఇంకొకరి దగ్గర. గొట్టాల లెక్క తేలేదాకా మనల్ని గడ్డిలోంచి లేవనివ్వని సారు శిష్యులమే కదా మనమంతా.

పోయిన ఆదివారం టేపు తీసుకుని పోయి ఆ గది కొలిచాను. పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 5.2. లక్ష్యాల వెనక పెల్లెట్లను పట్టే ఇనుప పెట్టెలకు, కాల్చేవాళ్లు నిలబడే చోటుకు పోగా పది మీటర్లు సరిగ్గా మిగులుతాయి. పక్కపక్కన నాలుగు వరుసలు పడతాయి. పడమటి కిటికీ మూయాలి, మధ్యాహ్నం ఎండ నేరుగా కళ్లలో పడుతోంది. పైకప్పు రేకులు రెండు మార్చాలి. రెండు వాడిన రైఫిళ్లు, ఒక పిస్టల్, పెల్లెట్లు, ఇనుప పెట్టెలు, లైట్లకు అయ్యే ఖర్చు లెక్క కాగితం కార్యదర్శి గారికి ఇచ్చాను. మిత్రులు చూసి, అభ్యంతరాలుంటే రాసి పంపండి. పెద్దాయన వచ్చే ఆదివారం గది చూడడానికి వస్తానన్నారు.